పడేవాడి కెనడా ప్రయాణం

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నేను చదివింది ఐదో తరగతి వరకే. అందులో కూడా సగమే. పత్తి చేతికి రాగానే మా నాన్న బడి మాన్పించాడు. ఉత్తరాలు తప్ప ఇంకోటి రాసి ఎరగను. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ అనుమానమే. మా వీధి గ్రంథాలయంలో ఉండే సూర్యం గారు "మన బజారు నుంచి కెనడా వెళ్ళొచ్చింది నువ్వొక్కడివే, చూసింది చూసినట్టు రాసిపెట్టు మస్తానూ" అని లావుపాటి నోటుబుక్కు చేతిలో పెట్టారు. నెల రోజులు దాన్ని పరుపుల కింద దాచాను. పరుపులు కుట్టే దబ్బనం పట్టుకుంటే ఆగని చెయ్యి పెన్ను పట్టుకుంటే ముందుకి సాగదు. రాతలో తప్పులుంటాయి. కోపం తెచ్చుకోకుండా చదవండి.

నా పేరు మస్తాన్. చిలకలూరిపేటలో పరుపులు కుడతాను. వయసు అరవై నాలుగు. పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు బాక్సింగ్ డేరాతో ఊరూరూ తిరిగాను. ఎగ్జిబిషన్లలో జెయింట్ వీల్ పక్కన, బావిలో మోటార్ సైకిల్ తిప్పేవాళ్ళ పక్కన మా డేరా వేసేవాళ్ళు. లోపల రంపపు పొట్టు పోసి, చుట్టూ తాళ్ళు కట్టి, మధ్యలో పిడుగు దావీదు నిలబడేవాడు. మైకులో "ఈ ఊళ్ళో తల్లిపాలు తాగినోడు ఎవడన్నా ఉంటే రండి! మూడు నిమిషాలు నిలబడితే వంద రూపాయలు!" అని అరిచేవాళ్ళు. జనంలోంచి ఎవడో ఒకడు రోషంగా లేచేవాడు. దావీదు ఒక్క దెబ్బ కొట్టేవాడు. వాడు పడిపోయేవాడు. డేరా అదిరిపోయేది.

ఆ లేచేవాడిని నేనే.

అది నా ఉద్యోగం. అందరికీ మాత్రం నేను గ్లౌజుల్లో దూది కూరి కుట్టే మస్తాన్‌ని. ఆట మొదలయ్యాక మూడో వరసలో చివరి కుర్చీలో, ఆ ఊరివాడిలాగా కూర్చునేవాడిని. చివర అయితే లేచి రావడానికి అడ్డం ఉండదు. ఒక రోజు లుంగీ, దొంగ మీసం. ఇంకో రోజు ప్యాంటు, కళ్ళద్దాలు. నన్ను చూడగానే దావీదు "రా తమ్ముడూ. చెప్పులు విప్పి రా" అనేవాడు. నిజంగా ఊరివాడెవడైనా లేస్తే "రండి" అని మర్యాదగా పిలిచేవాడు. ఆ తేడా మా ఇద్దరికే తెలుసు. ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఎర్ర గ్లౌజు మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకున్నాడు. "మార్తకి కూడా చెప్పకురా. అది నన్ను నిజంగానే పిడుగు అనుకుంటోంది" అన్నాడు. మార్త అంటే ఆయన భార్య, నాకు వదిన. ఇప్పుడిది రాస్తున్నానంటే వాళ్ళమ్మాయి రూతు రాయమంది కాబట్టే.

దూది పోయింది

రూతు కెనడాలో కిచెనర్ అనే ఊళ్ళో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. శని ఆదివారాల్లో నాటకాలు వేస్తుంది. దావీదు పోయి ఆరేళ్ళయింది, వదిన పోయినేడు పోయింది. తల్లి అంత్యక్రియలకి వచ్చినప్పుడు పెట్టెలో కుట్లూడిపోయిన వాళ్ళ నాన్న ఎర్ర గ్లౌజులు, తల్లి ఫోనులో నా నంబరు దొరికాయట. ఫోన్ చేసింది.

"మస్తాన్ బాబాయ్, నాన్న మీద ఒక నాటకం చేస్తున్నా. స్టేజి మీద నేనొక్కదాన్నే. విన్నిపెగ్‌లో చిన్న నాటకాల పండగలో వేస్తున్నా. నువ్వొచ్చి గ్లౌజులు కుట్టాలి, డేరా ఎలా ఉండేదో చెప్పాలి. వీసా, టికెట్ నేను చూసుకుంటా."

"గ్లౌజులు కుట్టడానికి కెనడా దాకా ఎందుకమ్మాయ్, పార్సిల్ పంపించు" అన్నాను.

"నువ్వు కూడా కావాలి బాబాయ్" అంది.

ఆమె పచ్చళ్ళు తేవద్దని చెప్పింది. అందుకని పచ్చళ్ళు తేలేదు. మంచి పత్తి రెండు కిలోలు తెచ్చాను. టొరంటో విమానాశ్రయంలో ఒక పంజాబీ ఆఫీసరమ్మ నా సంచి తెరిచి, చేతిని ముంజేయి దాకా దూదిలో పెట్టి కలియతిప్పింది. నాకు వచ్చిన హిందీలో "గ్లౌజులకమ్మా" అన్నాను. ఆవిడ నవ్వింది కానీ దూది ఇవ్వలేదు. గింజ నలుసులున్నాయి, ఈ దేశంలోకి రాకూడదంది. దబ్బనం మాత్రం వదిలేసింది.

కిచెనర్: ఎస్తేరు ప్రశ్న

రూతు ఇంట్లో నేను మొదట చేసిన పని దిండు విప్పడం. కొత్త దిండు, పది డాలర్లట. లోపల దూది లేదు! ప్లాస్టిక్ వెంట్రుకల్లాంటివి ఉన్నాయి. ఇంకోటి విప్పాను, అదీ అంతే. "ఇంత చలి దేశంలో మీరు దేని మీద పడుకుంటున్నారే?" అన్నాను. ఆ ప్లాస్టిక్‌నే గ్లౌజులో కూరి చూశాను. గోడకి కొడితే చప్పుడే లేదు. దూది గ్లౌజు తగిలితే థప్ మని డేరా చివరికి వినపడేది.

రూతు నా ముందు మోకాలికి రాసే మందు ట్యూబు పెట్టింది. "అమ్మ ఎప్పుడూ అనేది, మస్తాన్‌కి ఎడమ మోకాలు పూర్తిగా వంగదే అని. కారులో మూడు నాలుగు రోజులు కూర్చోవాలిగా." చిన్నప్పుడు పత్తి బండి మీంచి పడ్డప్పటి దెబ్బ అది. నడుస్తుంటే ఎవరికీ తెలియదు. వదినకి అన్నీ గుర్తుంటాయనుకుని మందు రాసుకున్నాను.

రూతు కూతురు ఎస్తేరుకి ఏడేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. వాళ్ళ తాత ఒక్క దెబ్బకి మనిషిని ఎలా పడగొట్టేవాడో చేతులు తిప్పుతూ చెప్పాను. పిల్ల అంతా విని ఏదో అడిగింది. రూతు నవ్వుతూ తెలుగులో చెప్పింది.

"ఆ పడ్డవాడికి తర్వాత ఏమైంది అంటోంది బాబాయ్."

ఎనిమిదేళ్ళు, ఎన్నో ఊళ్ళు. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "లేచి భోజనానికి వెళ్ళాడమ్మా" అన్నాను. అది నిజమే.

సూ ఊరి టీ

విన్నిపెగ్‌కి విమానం ఉంది. కానీ రూతు కారులో వెళ్దామంది. "డేరా రోడ్డు మీదే కదా తిరిగింది. దారిలో రిహార్సల్ చేస్తా." వెనక సీట్లో డేరా గుడ్డ, తాడు, ఇత్తడి గంట, అక్కడి ఇండియా కొట్లో కొన్న గోంగూర సీసా, చపాతీలు. పిల్లని వాళ్ళ నాన్న దగ్గర వదిలి బయల్దేరాం.

దారి పొడుగునా చెట్లు, బండరాళ్ళు, చెరువులు. గంట పోయినా అవే. మన దగ్గర గంట పోతే నాలుగు ఊళ్ళు, పది టీ కొట్లు తగులుతాయి. ఇక్కడ మనిషి కనపడితే అదొక విశేషం. సాయంత్రానికి ఒక ఊరు వచ్చింది. దానికి పెద్ద పేరుంది కానీ అందరూ సూ అంటారు. అక్కడ కాఫీ షాపులో కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి మా మాటలు విని కళ్ళు పెద్దవి చేసింది.

"అంకుల్, మీరు తెలుగోళ్ళా? ఏడికెల్లి వచ్చిన్రు?"

వరంగల్ అమ్మాయి. పేరు అనూష. పొద్దున కాలేజీ, సాయంత్రం ఇక్కడ పని. టీ మూడు డాలర్లు. మన డబ్బుల్లో ఎంతో లెక్క కట్టబోతే రూతు నా చెయ్యి నొక్కింది, లెక్కలు కడితే ఇక్కడ ఏదీ తాగలేవంది. కప్పులో వేడినీళ్ళు, పైన తేలుతున్న టీపొడి పొట్లం చూసి నా మొహం మారిందేమో, అనూష నవ్వింది.

"మీకు ఇది సయించదు గానీ ఆగున్రి అంకుల్. రెండు పొట్లాలు, పాలు ఎక్కువ పోసి ఇస్త. గట్లనే మేం తాగుతం."

"ఎందుకు తల్లీ, మీ ఓనరు ఏమన్నా అంటాడేమో."

"ఏమంటడు? నేనే షిఫ్ట్ లీడర్‌ని!" అంది. ఎక్కడికి పోతున్నామని అడిగింది. రూతు నాటకం సంగతి చెప్పింది. "అక్కా, ఒక్కదానివే కొట్లాడతవా? మరి దెబ్బలు ఎవరు తింటరు?" అంది. ఊరికే అన్న మాటే. కానీ కారు ఎక్కాక రూతు ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకుంది.

పెద్ద బాతు ఊరు

మర్నాడు మధ్యాహ్నానికి వావా చేరాం. ఊరి ముందు ఇనుప బాతు ఒకటి నిలబెట్టారు, మన బస్టాండులో విగ్రహాలంత ఉంటుంది. పక్కనే సముద్రంలాంటి సరస్సు. అలలు కూడా వస్తున్నాయి. నాకు చీరాల ఒడ్డు గుర్తొచ్చి గట్టిగా గాలి పీల్చాను. ఉప్పు వాసన లేదు. మంచినీళ్ళ సముద్రం.

దిగిన మోటెల్ ఓనరు జోన్ అనే పెద్దావిడ. డెబ్భై దాటి ఉంటాయి. గంట, గ్లౌజులు చూసి ఏంటని అడిగింది. రూతు చెప్పగానే ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని మొదలుపెట్టింది. ఆవిడ చిన్నతనంలో వీళ్ళ సంతల్లో కూడా అలాంటి డేరా వచ్చేదట. మా ఛాంపియన్‌తో తలపడేవాడు ఉన్నాడా అని అరిచేవాళ్ళట. ఆవిడ మావయ్య ఒకాయన లేచి ముక్కు పగలగొట్టుకున్నాడట.

నేను ఉండబట్టలేక రూతుతో అన్నాను. "అడుగు, ఆ మావయ్య నిజంగా ఊరివాడేనా, డేరా వాళ్ళ మనిషా?"

రూతు నన్ను వింతగా చూసి అడిగింది. జోన్ పకపకా నవ్వింది. ఆయన భార్య కూడా జీవితాంతం అదే అడిగిందట.

సాయంత్రం ఎనిమిదైనా ఎండ కాస్తూనే ఉంది. మోటెల్ వెనక గడ్డిలో రూతు రిహార్సల్ మొదలుపెట్టింది. నాటకానికి గుండెకాయలాంటి ఘట్టం అది. ఒంగోలు ఎగ్జిబిషన్‌లో నర్సు ట్రైనింగు చదివే మార్తమ్మ ఆట చూడటానికి వచ్చింది. లుంగీ కట్టిన మొనగాడొకడు బూతులు తిడుతూ లేచాడు. దావీదు ఒక్క దెబ్బకి పడగొట్టాడు. ఆ రోజే ఆమెకి దావీదు నచ్చాడు. తల్లి నోట విని విని రూతు రాసుకున్న కథ.

ఆమె గుద్దుతోంది. గాలిలోకి. ఎడమ, కుడి, ఎడమ. చెమటలు కారుతున్నాయి కానీ చూడటానికి ఏమీ లేదు. ఈగలు తోలుతున్నట్టుంది. మూడుసార్లు చేసి, గడ్డిలో కూలబడింది.

"నాన్న కనపడట్లేదు బాబాయ్. ఆర్నెల్లుగా ఇదే. కుర్చీని కొట్టా, బస్తాని కొట్టా. ఇంకో మూడు రోజుల్లో షో. అరవై మంది వస్తారు. నేను నాన్నని తీసుకురాలేకపోతున్నా."

నాకు కారణం తెలుసు. డేరాలో పనిచేసిన ఎవడికైనా తెలుసు. దెబ్బని చూపించేది కొట్టేవాడు కాదు. తినేవాడు. తగలకముందే ఊపిరి బిగబట్టాలి, తగిలినట్టు కనపడే క్షణంలో తన చేత్తో తనే రొమ్ము మీద చరుచుకోవాలి, ఆ తర్వాత కదలాలి. ఆ చప్పుడు నాది. దావీదు బలమంతా నా ఒంట్లోంచి జనానికి కనపడేది. చెబితే ఒట్టు తప్పినట్టు. చెప్పకపోతే పిల్ల అక్కడ అరవై మంది ముందు ఈగలు తోలుతుంది.

చెప్పలేదు. లేచి ఎదురుగా నిలబడ్డాను.

"నన్ను కొట్టు."

"బాబాయ్, నీకేమన్నా పిచ్చా?"

"తగలనివ్వకు. బెత్తెడు దూరంలో ఆపు. మిగతాది నాకొదిలేయ్."

కొట్టింది. నలభై ఏళ్ళ క్రితం ఒంట్లో దాగినది దానంతటదే లేచింది. రొమ్ము మీద థప్ మంది. ఒకటిన్నర చుట్టు తిరిగాను, లేని తాడు పట్టుకున్నాను, కూర్చున్నాను, వెల్లకిలా పడ్డాను. మోకాలు వంగక ఎడమ కాలు పైకి లేచి వణికింది.

అంతే, కేక వినపడింది. కిటికీలోంచి చూసిన జోన్ చీపురుతో పరిగెత్తుకొచ్చింది. ముసలాయన్ని కొడతావా, పోలీసులని పిలుస్తానని రూతు మీద అరుస్తోంది. నేను లేచి "నో, నో! సర్కస్, సర్కస్!" అన్నాను. నాకు వచ్చిన ఇంగ్లీషు అంతే. అర్థమయ్యాక ఆవిడ అదే చీపురుతో నన్ను కూడా ఒకటేసింది, గుండె ఆగినంత పనైందని. గ్లౌజు పట్టుకుని నొక్కి చూసింది. దూది దొరకలేదని సైగలతో చెప్పాను. లోపలికి వెళ్ళి, వాళ్ళమ్మ కుట్టిన పాత బొంత తెచ్చి నా ఒళ్ళో వేసింది. అంచు చినిగిన చోట వేలు పెట్టి చూశాను. అసలైన దూది. డబ్బులిస్తానంటే మళ్ళీ చీపురెత్తింది.

రూతు మాత్రం నిలబడిన చోటే ఉంది.

"అమ్మ వంటింట్లో చూపించేది. ఆ లుంగీ వాడు ఎలా పడ్డాడో. ఒకటిన్నర చుట్టు, తాడు, కూర్చోవడం, ఎడమ కాలు. అచ్చం ఇదే." ఆమె గొంతు తగ్గిపోయింది. "అది నువ్వా బాబాయ్?"

నేను బొంత విప్పుతూ కూర్చున్నాను. తల ఎత్తలేదు. అదే జవాబు అయిపోయింది.

థండర్ బే దోసె

మర్నాడంతా కారులోనే ఉన్నాం. ఆ సరస్సు ఎడమ పక్కనే వస్తూ ఉంది, ఎంత పోయినా అయిపోలేదు. నేను వెనక సీట్లో కూర్చుని గ్లౌజులు కుట్టుకున్నాను. దూది ఎంత కూరాలో చేతికి ఇంకా గుర్తుంది. ఆ తోలు వాసనకి డేరా అంతా కళ్ళ ముందుకొచ్చింది. పెట్రోమాక్స్ లైటు చుట్టూ పురుగులు, బయట మిరపకాయ బజ్జీల నూనె వాసన, ఆట అయ్యాక దావీదు నాకు విడిగా తెచ్చే గుడ్డు దోసె. ఎప్పుడూ రెండు గుడ్లు. "పడేవాడికి బలం కావాలిరా" అనేవాడు.

రాత్రికి థండర్ బే చేరి, పొద్దున టిఫిను ఒక హోటల్లో చేశాం. ఫిన్లాండ్ నుంచి ఎప్పుడో వచ్చినవాళ్ళ వంటకమట. పలచగా, పళ్ళెం అంత వెడల్పు, అచ్చం మన దోసె. నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంది! పైన పళ్ళ ముక్కలు వేశారు. జేబులోంచి కారప్పొడి తీసి చల్లుకున్నాను. వడ్డించే అమ్మాయి నిలబడి చూసింది. మామూలుగా అయితే రూతు పడీ పడీ నవ్వేది.

"షో మానేస్తున్నా" అంది. "పండగ వాళ్ళకి ఇవాళ మెయిల్ పెడతా. అబద్ధాన్ని పట్టుకెళ్ళి స్టేజి మీద మా నాన్న అని ఎలా చూపించను? అమ్మని మోసం చేశాడు. చివరిదాకా."

"అట్లా అనమాక."

"మరి ఎట్లా అనను? ఒక్కసారన్నా నిజంగా కొట్టాడా?"

"కొట్టలా. నన్ను ఒక్కసారి కూడా కొట్టలా" అన్నాను. "రోజూ రెండు ఆటలు, ఎనిమిదేళ్ళు. ఒక్క రోజు కూడా ఆయన చెయ్యి నా డొక్కకి తగల్లేదమ్మాయ్. జ్వరమొచ్చిన రోజు కూడా బెత్తెడు దూరంలో ఆగింది. కొట్టడానికి ఏముంది, ఎవడైనా కొడతాడు."

ఆమె పళ్ళెం వంక చూస్తోంది.

"ఇంకోటి. నేను పడగానే ఆయన వంగి నా తల కింద చెయ్యి పెట్టేవాడు. రంపపు పొట్టు కింద చెక్కలుండేవి. జనం ఆయన నన్ను లేపుతున్నాడు అనుకునేవాళ్ళు. తల చెక్కకి కొట్టుకోకుండా పెట్టిన చెయ్యి అది. పడిన ప్రతిసారీ ఉండేది. దెబ్బ అబద్ధమే. ఆ చెయ్యి అబద్ధం కాదు."

ఆమె మెయిల్ పెట్టలేదు. నా పళ్ళెంలోంచి కారం చల్లిన ముక్క ఒకటి తీసుకుని తింది.

పెద్ద చేప

కెనోరా ఊళ్ళో సరస్సు ఒడ్డున పెద్ద చేప విగ్రహం ఉంది. ఈ దేశంలో మనుషుల కంటే చేపలకీ బాతులకీ విగ్రహాలు ఎక్కువ. దాని కింద బల్ల మీద చపాతీలు, గోంగూర తింటున్నాం. రూతు ఉన్నట్టుండి నమలడం ఆపింది.

"బాబాయ్, కళ్ళద్దాల వాడు కూడా నువ్వేనా?"

చేతిలో చపాతీ ముక్క పక్కన పెట్టాను. "కళ్ళద్దాల వాడి సంగతి నీకెవరు చెప్పారు?"

"అమ్మే. అమ్మ ఇద్దరు పడటం చూపించేది. లుంగీ వాడు, కళ్ళద్దాల వాడు. రెండూ చేసి పొట్ట పట్టుకుని నవ్వేది. 'ఇద్దరికీ ఎడమ కాలే లేస్తదే రూతూ, చూశావా' అనేది. నేను చిన్నపిల్లని, వేరే వేరే మనుషులనుకున్నా."

ఒంగోలులో మొదటి రోజు నేను లుంగీ కట్టాను. మూడో రోజు కళ్ళద్దాలు పెట్టాను. అంటే వదిన రెండు రోజులూ వచ్చింది. నర్సు ట్రైనింగు అమ్మాయి. వంగని మోకాలు ఆమెకి కనపడకుండా ఉంటుందా?

అప్పుడు ఇంకోటి గుర్తొచ్చింది. పెళ్ళయ్యాక దావీదు నన్ను మొదటిసారి ఇంటికి తీసుకెళ్ళాడు. నేనింకా చెప్పులైనా విప్పలేదు. వదిన గడపలో నిలబడి, "ఎడమ మోకాలు ఎట్లా ఉంది మస్తానూ?" అంది. దావీదు చెప్పి ఉంటాడు అనుకున్నాను. దావీదేమో నేను చెప్పి ఉంటాననుకున్నాడేమో! ఇద్దరం ఒకరినొకరం అడగలేదు.

"మీ అమ్మకి తెలుసు" అన్నాను. "పెళ్ళికి ముందే తెలుసు. తెలిసే చేసుకుంది. మేమిద్దరం ఒట్లు పెట్టుకుని ఆమె దగ్గర దాచాం. ఆమె మా దగ్గర దాచింది."

రూతు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మొదట ఏడుస్తోంది అనుకున్నాను. నవ్వుతోంది. తర్వాత రెండూ. పక్క బల్ల మీద వాళ్ళు మావైపు చూసి మళ్ళీ చేప వైపు చూశారు. కాసేపటికి ఆమె మొహం తుడుచుకుని లేచింది.

"అమ్మ ఎప్పుడూ నాన్నలాగా చేసి చూపించలేదు బాబాయ్. కొట్టడం ఒక్కసారి కూడా చెయ్యలేదు. పడేవాడినే చేసేది." గడ్డిలోకి నడిచింది. "నాకు పడటం నేర్పు."

ఆ చేప కింద రెండు గంటలు నేర్పాను. ఊపిరి, చరుపు, చుట్టు, తాడు. నలభై సార్లు పడి ఉంటుంది. ముప్పయ్యో సారికి నా కంటికి ఆమె ఎదురుగా దావీదు నిలబడినట్టు అనిపించింది. భుజాలు కొంచెం వంచి, గడ్డం లోపలికి పెట్టి, ఆయన ఎలా నిలబడేవాడో అలా. అక్కడ ఎవరూ లేరు. ఆమె పడుతోంది కాబట్టి ఆయన ఉన్నాడు.

విన్నిపెగ్: మూడో వరస

విన్నిపెగ్ బల్లపరుపు నేల. పత్తి చేల మధ్య నిలబడినట్టే ఉంటుంది, ఆకాశం అంచు దాకా కనపడుతుంది. దోమలు కూడా మనవే అనుకోవచ్చు. రూతు నాకు లేసులున్న బూట్లు కొనిపెట్టింది, నాటకానికి చెప్పులతో ఎందుకని.

మధ్యాహ్నం మూడింటికి ఆట. చిన్న హాలు. రూతు ముందు వరసలో నా పేరు రాసి కాగితం పెట్టింది. నేను వెళ్ళి మూడో వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాను. కావాలని కాదు, కాళ్ళు అటు వెళ్ళాయి.

డేరా గుడ్డ వేలాడదీసింది. ఇత్తడి గంట కొట్టింది. ఒక్కతే నలభై నిమిషాలు లుంగీ వాడైంది, కళ్ళద్దాల వాడైంది, రిక్షావాడైంది, కాలేజీ కుర్రాడైంది. ప్రతివాడూ లేచాడు, ప్రతివాడూ పడ్డాడు. జనం గాలిలోకే చూస్తూ తలలు తిప్పుతున్నారు, దావీదు ఎటు కదిలితే అటు. ఎక్కువ మాటలు ఇంగ్లీషు. నాకు అర్థం కాకపోయినా ఎక్కడా తప్పిపోలేదు.

చివర్లో తాడు పట్టుకుని ముందుకొచ్చింది. నాటకంలో మొదటిసారిగా ఎర్ర గ్లౌజులు తొడుక్కుంది. తెలుగులో అరిచింది.

"ఈ ఊళ్ళో తల్లిపాలు తాగినోడు ఎవడన్నా ఉంటే రండి!"

అక్కడ దీపాలు ఆరిపోవాలి. అదే చివర. నాకు తెలుసు, దారంతా విన్నాను. కానీ ఆ మాట వినగానే నేను లేచి నిలబడ్డాను. లేచాక తెలిసింది లేచానని. తలలన్నీ నావైపు తిరిగాయి. పిల్ల ఆర్నెల్ల కష్టం చెడగొట్టాను అనుకున్నాను. కూర్చుందామంటే ఎడమ మోకాలు వంగట్లేదు.

రూతు నన్ను చూసింది. ఒక్క క్షణం ఆమె మొహంలో భయం. తర్వాత భుజాలు కొంచెం వంచింది, గడ్డం లోపలికి పెట్టింది.

"రా తమ్ముడూ. చెప్పులు విప్పి రా."

దారిలో నేను చెప్పిందే. కానీ ఆ గొంతు నేను చెప్పింది కాదు. వాళ్ళ నాన్నది.

ఆ బూట్ల లేసులు విప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ముడి పడింది. హాలంతా నవ్వుతూ ఎదురుచూసింది. మేజోళ్ళతో పైకి ఎక్కాను. ఎదురుగా నిలబడి ఊపిరి బిగబట్టాను, పడటానికి.

ఆమె కొట్టలేదు. గ్లౌజులు తీసింది. నా చేతులకి తొడిగింది. "ఇవాళ నువ్వు కొట్టు బాబాయ్" అని మెల్లగా అంది.

ఎనిమిదేళ్ళు ఆ గ్లౌజులు కుట్టాను. ఒక్కసారి కూడా తొడుక్కోలేదు. ఎర్రవి ఛాంపియన్‌వి, పడేవాడికి నల్లవి. కొత్త దూది మెత్తగా తగిలింది. దాని కింద తోలులో ఇంకా దావీదు వేళ్ళ గుంటలున్నాయి. నా వేళ్ళు వాటిలోకి సరిగ్గా వెళ్ళాయి.

చెయ్యి విసిరాను. బెత్తెడు దూరంలో ఆపాను. హాలంతా వినపడేలా థప్ మంది. రూతు ఒకటిన్నర చుట్టు తిరిగింది, తాడు పట్టుకుంది, కూర్చుంది, వెనక్కి వాలుతోంది. ఎడమ కాలు లేచింది. వెనక వరసల్లో ఎవరో ఆవిడ పట్టలేక గట్టిగా నవ్వింది.

నేను నిలబడి ఉన్నాను. పడటం తప్ప ఆ చోట నేనేం చెయ్యాలో నాకు తెలియదు. కింద చూస్తే చెక్కలు. అప్పుడు తెలిసింది. వంగని మోకాలిని పక్కకి చాపి వంగాను. ఆమె తల చెక్కకి తగలకముందే కింద చెయ్యి పెట్టాను.

ఇంతే నా ప్రయాణం. రాసింది మళ్ళీ చదివితే సగం ముక్కలు నాకే తెలియట్లేదు. దారి సంగతులు తక్కువ, సొంత గొడవ ఎక్కువ అయిందని సూర్యం గారు అంటారేమో. ఒత్తులు పోయిన చోట ఒత్తులు, దీర్ఘాలు పోయిన చోట దీర్ఘాలు మీరే పెట్టుకుని, చదువు లేనివాడు రాశాడని తప్పులన్నీ క్షమించండి.